రెండు వారాల కిందట మనిషి ఎలా ఉండేవారు?

(వృద్ధుల డిశ్చార్జి, ఫ్రెయిల్టీ అంచనా మీద వార్డు వైద్యులు, స్టాఫ్ నర్సులు, ఫిజియోథెరపిస్టులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మెడికల్ వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారనుకుందాం. ఇద్దరికీ 78 ఏళ్లు. ఇద్దరికీ న్యుమోనియా. ఒకే యాంటీబయాటిక్, ఆరు రోజులు. జ్వరం తగ్గింది, ఆక్సిజన్ తీసేశారు, ఒకే రోజు డిశ్చార్జి. కేస్ షీట్లు తారుమారైనా ఎవరూ గుర్తుపట్టలేరు. నెల తిరిగేసరికి ఒకాయన పొలం గట్టు మీద ఉంటాడు. రెండో ఆవిడ బాత్రూంలో జారిపడో, సోడియం పడిపోయో, షుగర్ డౌనయ్యో మళ్లీ క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీద ఉంటుంది. ఊపిరితిత్తులు ఇద్దరివీ బాగానే ఉన్నాయి. తేడా ఉన్నది మనం కేస్ షీట్‌లో రాయని చోట.

దాన్నే ఫ్రెయిల్టీ అంటున్నాం. నీరసం అంటే సరిపోదు. రెండు రోజుల జ్వరానికీ నీరసం వస్తుంది, పోతుంది. బలహీనత అంటే కండ ఒక్కటే గుర్తొస్తుంది. 'నిల్వ సత్తువ తరిగిపోవడం' అంటే అసలు సంగతికి దగ్గరగా ఉంటుంది. గుండె, మూత్రపిండాలు, మెదడు, కండరాలు అన్నీ రోజువారీ అవసరానికి మించి కొంత సత్తువ దాచుకుంటాయి. జబ్బు చేసినప్పుడు అందులోంచి తీసి ఖర్చు పెడతాయి. ఆ నిల్వ చాలా అవయవాల్లో ఒకేసారి అడుగంటితే చిన్న దెబ్బకే మనిషి మంచాన పడతారు, ఆలస్యంగా లేస్తారు, లేచినా పాత మెట్టు దాకా రారు. ఇంట్లోవాళ్లు దీన్ని మనకంటే ముందే చూసి ఉంటారు. 'మునుపటిలా లేదండీ', 'మనిషి జావగారిపోయింది' అంటారు. ఆ మాట విని తలూపి పక్క మంచానికి వెళ్లిపోతాం. అక్కడ ఆగి, ఆ మాటను ఒక అంకెగా రాసుకోవడం ఎలాగో, రాశాక ఏం చేయాలో ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు, ఆ అంకెకు విలువ ఉందా అన్నది. కెనడాలోని ఎడ్మంటన్‌లో జనరల్ మెడిసిన్ వార్డుల నుంచి ఇంటికి వెళ్లిన 495 మందిని పరిశీలించి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేలు (1 నుంచి 9 మెట్ల కొలత, అంకె పెరిగేకొద్దీ ఫ్రెయిల్టీ ఎక్కువ; వివరం తర్వాత చెబుతాను) మీద 5, ఆపైన ఉన్నవాళ్లు 162 మంది, అంటే మూడో వంతు. 30 రోజుల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరడమో చనిపోవడమో జరిగింది వీళ్లలో 24.1 శాతం మందికి, మిగతావాళ్లలో 13.8 శాతం మందికి. వయసు తేడా లాంటివి తీసేసి చూసినా రిస్కు దాదాపు రెట్టింపు. ఇక్కడొక జాగ్రత్త ఉంది. నూటికి 24 అంటే మిగతా 76 మంది ఆ నెల ఇంట్లోనే క్షేమంగా ఉన్నారని కూడా అర్థం. ఈ అంకె ఎవరి జాతకమూ కాదు. ఏ ఇంటికి ముందుగా ఫోన్ చేయాలో చెబుతుంది, అంతే.

ఆసుపత్రి కూడా ఈ నిల్వను తినేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను, ఏ జబ్బూ లేనివాళ్లను, పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ప్రయోగం 2007లో అమెరికాలో వచ్చింది. కాళ్ల కండ దాదాపు కిలో తగ్గింది. దీనికి జ్వరం, సగం తిన్న భోజనం, రాత్రంతా లైట్లు, నాలుగింటికి రక్తం తీయడం కలపండి. 2013లో హార్లన్ క్రుమ్‌హోల్జ్ అనే గుండె వైద్యుడు దీనికి 'పోస్ట్ హాస్పిటల్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. చేరిన జబ్బు నయమై వెళ్లినవాళ్లు ఇంకో జబ్బుతో తిరిగి రావడానికి ఆసుపత్రి బస కూడా కారణమన్నది ఆయన వాదన. మొదట చెప్పిన ఆవిడ రెండోసారి న్యుమోనియాతో రాలేదు, గమనించారా?

ఇక కొలవడం. సాధనాలు చాలా ఉన్నాయి. 2001లో లిండా ఫ్రైడ్ బృందం ఐదు గుర్తులు చెప్పింది: కారణం లేకుండా ఏడాదిలో నాలుగున్నర కిలోలు తగ్గడం, ఎప్పుడూ అలసటగా ఉండటం, చేతి పట్టు తగ్గడం, నడక మందగించడం, కదలికలు తగ్గడం. మూడు ఉంటే ఫ్రెయిల్. పరిశోధనకు బాగుంటుంది, రద్దీ వార్డులో కుదరదు. 2018లో ఇంగ్లండులో 75 దాటినవాళ్లకు ఆసుపత్రి రికార్డుల్లోని రోగ కోడ్‌ల నుంచే స్కోరు గట్టే పద్ధతి తెచ్చారు. కోడింగ్ శ్రద్ధగా చేసే చోట అది పనికొస్తుంది. మనకు కుదిరేది మంచం పక్కన నిలబడి అడిగి తెలుసుకునే క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేలు. హాలిఫాక్స్‌లోని డల్హౌసీ యూనివర్సిటీలో కెన్నెత్ రాక్‌వుడ్ బృందం 2005లో ఏడు మెట్లతో తెచ్చింది, తర్వాత అది తొమ్మిదైంది, 2020లో మాటలు కొంచెం సవరించారు. 1 నుంచి 3 దాకా గట్టివాళ్లు. 4 అంటే ఎవరి మీదా ఆధారపడరు గానీ పగలంతా అలసట, పనులు నెమ్మదిస్తాయి. 5కి వచ్చేసరికి డబ్బు లెక్కలు, ప్రయాణం, మందులు చూసుకోవడం లాంటివాటికి సాయం కావాలి. 6కి బయటి పనులన్నిటికీ, ఇంటి పనికీ సాయం కావాలి, మెట్లు కష్టం, స్నానానికి కూడా మనిషి అవసరం పడుతుంది. 7 అంటే ఒంటి పనులన్నిటికీ ఇంకొకరే. 8 అంటే చిన్న జబ్బు చేసినా కోలుకోలేని స్థితి. 9 వేరే రకం: ఆరు నెలలు మించి బతకరనుకునే జబ్బుతో ఉన్నా, పైకి అంత ఫ్రెయిల్‌గా కనిపించనివాళ్లు.

ఈ స్కేలు వాడేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఒకటే. ఇప్పుడు మంచం మీద ఎలా ఉన్నారో చూసి అంకె వేస్తారు. సెలైన్ ఎక్కుతూ, యూరిన్ పైపుతో, 102 జ్వరంతో పడుకున్న మనిషి ఎవరైనా 7లాగే కనిపిస్తారు. అడగాల్సింది జబ్బు చేయకముందు, అంటే రెండు వారాల కిందట ఎలా ఉండేవారని. 'రెండు వారాల కిందట' అంటే అందరికీ వెంటనే గుర్తురాదు. 'మొన్న అమావాస్యకు ఎలా ఉంది? శివరాత్రికి గుడికి నడిచి వెళ్లిందా, బండి మీద తీసుకెళ్లారా?' అని పండగో తిథో ఆనవాలుగా పట్టుకుని అడిగితే సరైన జవాబు వస్తుంది.

ఎవరిని అడుగుతున్నామన్నదీ ముఖ్యమే. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో ఆదరాబాదరాగా వచ్చిన కొడుకు, అమెరికా నుంచి వీడియో కాల్‌లో ఉన్న కూతురు ప్రేమగానే చెబుతారు. కానీ వాళ్లకు గుర్తున్నది ఏడాది కిందట తాము చూసిన అమ్మ. రోజూ కంచంలో అన్నం పెట్టే కోడలినో, పక్కింటావిడనో, పనమ్మాయినో అడగండి.

అడిగే తీరు చెబుతాను. 'స్నానం ఎవరు చేయించేవారమ్మా?' అంటే 'తనే చేసుకునేది సార్' అంటారు. అక్కడ ఆపితే 5 వేస్తాం. ఇంకో మూడు ప్రశ్నలు వేయండి. నీళ్లు ఎవరు తోడిపెట్టేవారు? వీపు ఎవరు రుద్దేవారు? లోపల గడి వేసుకునేదా, తలుపు దగ్గరగా వేసి బయట ఎవరైనా నిలబడేవారా? 'నేను నిలబడేదాన్నండీ, మొన్నొకసారి తూలిందని' అని కోడలు అంటుంది. అది 6. ఇంకొకటి: 'చీర కట్టుకునేదా?' అనండి. 'దసరా నుంచి నైటీలే వేస్తున్నామండీ, కుచ్చిళ్లు పెట్టుకోలేకపోతోంది' అంటే వేళ్ల పట్టు, నిలబడే ఓపిక, చేతులు ఆడే తీరు మూడూ ఒకే మాటలో తెలిసిపోయినట్టే. పెద్దాయనల్లో పంచె మానేసి లుంగీకి మారడం కూడా ఒక్కోసారి అలాంటిదే.

మన ఇళ్లలో ఈ స్కేలు తప్పుదారి పట్టించే చోటు ఒకటుంది. అది కెనడా ఇళ్లను చూసి రాసింది. డబ్బు లెక్కలు, వంట, షాపింగ్ అని అడుగుతుంది. మన పెద్దమ్మ జన్మలో బ్యాంకు మెట్లెక్కి ఉండకపోవచ్చు. పెద్దాయన వంటింట్లో పొయ్యి వెలిగించి ఉండడు. 'చేసుకుంటారా?' అంటే 'లేదు' అంటారు, మనం అంకె పెంచేస్తాం. చేయలేకపోవడం వేరు, చేయాల్సిన పని పడకపోవడం వేరు. అందుకే 'ఇదివరకు చేస్తూ ఈ ఏడాదిలో మానేసిన పనులేమిటి?' అని అడగండి. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టడం, బియ్యం ఏరడం, పూలు కట్టడం, రేషన్ షాపుకు వెళ్లడం, బస్సెక్కి కూతురింటికి పోవడం, కింద పీట మీద కూర్చుని సాయం లేకుండా లేవడం. మానేసిన పనుల జాబితాలోనే అంకె దొరుకుతుంది.

ఇది పాత స్థితి. ఇప్పటి స్థితికి డిశ్చార్జికి ముందురోజు నాలుగు మీటర్ల నడక చూడండి. వార్డులో రెండడుగుల టైల్స్ ఉంటే ఆరు టైల్స్, ఏడోదానిలో మూడింట రెండు వంతులు కలిపితే నాలుగు మీటర్లు. రెండు చివర్లా ప్లాస్టర్ ముక్క అతికించండి. మొదటి గీతకు ఒక మీటరు వెనక నుంచి నడక మొదలుపెట్టించాలి, లేకపోతే బయల్దేరడానికి పట్టే సమయం కూడా లెక్కలోకి వస్తుంది. రోజూ వాడే చేతికర్రతో, రోజూ వేసుకునే చెప్పులతో, మామూలు నడకే. పక్కన ఒకరు, అర అడుగు వెనకగా నడవాలి. ముందు నడిస్తే వాళ్ల వేగం మీ వేగమైపోతుంది. 5 సెకన్లు దాటితే నడక మందగించినట్టు. అసలు నడవలేకపోతే పరీక్ష కుదరలేదని వదిలేయకండి, 'నడవలేదు' అని రాయండి. అన్నిటికంటే గట్టి హెచ్చరిక అదే.

కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం ఇంకొకటి. చేతులు గుండెల మీద కట్టుకుని, గోడకు ఆనించిన కుర్చీలోంచి. సార్కోపీనియా, అంటే వయసుతో కండ తరిగిపోవడం మీద పనిచేసే ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పిన ప్రకారం 12 సెకన్లు, ఆపైన పడితే కండ బలం, పని సామర్థ్యం తగ్గాయని అనుమానించాలి. వార్డు మంచం మీద నుంచి చేయించకండి. ఆ ఎత్తుకు కాళ్లు వేలాడతాయి, తేలిగ్గా దిగిపోతారు, కొలత చెడుతుంది. చేతి పట్టు కొలిచే గ్రిప్ మీటరు ఉంటే మగవాళ్లకు 28, ఆడవాళ్లకు 18 కిలోల లోపు తక్కువ కింద లెక్క. లేకపోతే దాని కోసం ఆగక్కర్లేదు.

బీపీ పడుకోబెట్టి ఐదు నిమిషాల తర్వాత ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడండి. పై బీపీ 20 గానీ కింద బీపీ 10 గానీ పడితే ఆ మనిషి రాత్రి రెండింటికి బాత్రూంకి లేచినప్పుడు పడిపోవడం ఖాయమనుకుని ఏర్పాట్లు చేయాలి. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమనండి. నిన్నటిదాకా చెప్పి ఇవాళ తడబడితే, మగతగా ఉంటే, డెలీరియం (జబ్బు వల్ల హఠాత్తుగా వచ్చే మతి గందరగోళం) అనుకుని కారణం వెతకాలి. మలబద్ధకం, మూత్రం బిగుసుకుపోవడం, ఇన్ఫెక్షన్, నిద్రమాత్ర ముందు చూడండి. ఆ రోజు ఇంటికి పంపకండి.

అంకె వచ్చింది, 5 గానీ ఆపైన గానీ ఉంది. ఇప్పుడేం చేయాలి?

నా మటుకు మొదటి స్థానం తిండిదే. మందులు రాసినంత శ్రద్ధగా మనం తిండి రాయం. ఇంటికి వెళ్లగానే మన దగ్గర పథ్యం మొదలవుతుంది. గుడ్డు వేడి, పెరుగు చలవ, పప్పు అరగదు, మాంసం వద్దు. చారన్నం, బ్రెడ్డు, పాలు. లెక్క వేసి చూద్దాం: రెండు ఇడ్లీలకు నాలుగు గ్రాముల ప్రొటీన్, రెండు పూటలా చారన్నానికి కలిపి పది, గ్లాసు పాలకు ఆరు, రెండు బ్రెడ్డు ముక్కలకు నాలుగు, పలచటి మజ్జిగకు రెండు. మొత్తం 26. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు, జబ్బు చేసి లేస్తున్నవాళ్లకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలన్నది వృద్ధుల పోషణ నిపుణుల మాట. 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. అంటే పథ్యం పేరుతో సగం కూడా అందడం లేదు. మంచం మీద పోయిన కండ తిరిగి రావడానికి ముడిసరుకే లేదు.

అందుకని డిశ్చార్జి కార్డు మీద 'బలమైన ఆహారం' అని రాయకండి. దాన్ని ఇంట్లోవాళ్లు హార్లిక్స్ అని చదువుకుంటారు. వస్తువు పేరు, లెక్క రాయండి. ఉడికించిన గుడ్లు రెండు, 12 గ్రాముల ప్రొటీన్. రెండు పూటలా ముద్దపప్పు, పూటకు పొడి కందిపప్పు గుప్పెడు చొప్పున, 13. పాలు రెండు గ్లాసులు, 12. గడ్డ పెరుగు కప్పు, 5. గుప్పెడు వేయించిన పల్లీలు పొడి చేసి అన్నంలో, 7. అన్నం, ఇడ్లీ నుంచి 14. అరవై దాటింది, మాంసం అక్కర్లేకుండానే. గుడ్డు తినని ఇంట్లో 30 గ్రాముల మీల్‌మేకర్ నానబెట్టి సన్నగా తరిగి కూరలో వేస్తే 15 గ్రాములు వస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉండి డయాలసిస్ లేనివాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు, విడిగా చూడాలి. ఇంకో సంగతి, కట్టుడు పళ్లు. చేర్చిన రోజు తీసి కాగితంలో చుట్టి తలగడ కింద పెడతారు, దుప్పటితో పాటు లాండ్రీకి పోతాయి. పళ్లు లేక నమలలేకపోతున్న మనిషిని 'ఆకలి లేదు' అని రాసుకుంటాం. డిశ్చార్జికి ముందు ఒక ముద్ద మన ఎదుట తినిపించి చూడండి. నీళ్లు తాగగానే దగ్గు వస్తోందా అన్నదీ అప్పుడే బయటపడుతుంది.

తిండితో పాటు కదలిక ఉండాలి, ఒకటి లేకుండా ఇంకొకటి అంతగా పనిచేయదు. స్పెయిన్‌లోని పాంప్లోనాలో ఆసుపత్రిలో ఉన్న 370 మంది వృద్ధుల మీద చేసిన ప్రయోగం 2019లో వచ్చింది. సగం మందికి రోజుకు రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున, ఐదారు రోజులు నడక, బ్యాలెన్స్, కండబలం వ్యాయామాలు చేయించారు. మామూలు చికిత్సలో ఉన్నవాళ్లు డిశ్చార్జి నాటికి సొంత పనుల్లో చేరినప్పటికంటే వెనకబడ్డారు, వ్యాయామం చేసినవాళ్లు కాస్త మెరుగయ్యారు. ఇంటికి వెళ్లాక పూర్తి విశ్రాంతి అని రాయడం మానేద్దాం. కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం, కాసేపు ఆగి ఇంకో విడత, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. భోజనం మంచం మీద కాదు, కుర్చీలో. నులక మంచమైతే నడుము కిందికి దిగిపోయి లేవడం రెండింతలు కష్టం, నులక బిగించమనండి, లేదా చెక్క మంచం వేయమనండి. కూర్చున్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. పడిపోయే చోట్లు ఇంట్లో మూడు: తడి బాత్రూం, రాత్రి చీకటి, గడప. గడప తీసేయమని ఎవరూ అడగరు, అంచుకు తెల్ల రంగు వేసి పక్కన పట్టుకోవడానికి ఒక కడ్డీ పెట్టిస్తే చాలు.

మందుల విషయంలో ఒక్క పని చేస్తే చాలా తప్పులు ఆగుతాయి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ క్యారీబ్యాగ్‌లో వేసి డిశ్చార్జి రోజు తెమ్మనండి. పాత డాక్టరు రాసిన బీపీ మందు టెల్మిసార్టన్ ఒక బ్రాండు పేరుతో, మనం రాసింది ఇంకో బ్రాండు పేరుతో ఉంటాయి. రెండూ వేసుకుంటారు, వాళ్ల దృష్టిలో అవి వేరు మందులు. కంపెనీ పేరు వదిలేసి మందు పేరు చదివి, డబుల్ అయిన స్ట్రిప్పు మన చేత్తో తీసేయాలి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునే మనిషి ఆసుపత్రి తర్వాత సగం అన్నమే తింటుంటే పాత డోసుకే షుగర్ పడిపోతుంది. నిద్రకని అల్ప్రజోలం, జలుబుకని క్లోర్‌ఫెనిరమైన్, నొప్పులకని అమిట్రిప్టిలిన్, ఈ మూడూ 5, ఆపైన ఉన్నవాళ్లకు తూలుడు మందులే. ఆపిన మందు పేరు, ఎందుకు ఆపామో కార్డు మీద తెలుగులో రాయండి. రాయకపోతే ఊళ్లో ఆర్ఎంపీ మళ్లీ మొదలుపెడతారు.

ఇక ఫోన్. అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) రోగుల మీద 2009లో వచ్చిన లెక్క ప్రకారం 30 రోజుల్లో 19.6 శాతం మంది తిరిగి చేరారు. మెడికల్ వార్డుల నుంచి వెళ్లి అలా తిరిగొచ్చినవాళ్లలో సగం మంది ఈ మధ్యలో ఏ డాక్టరునూ చూసిన దాఖలా లేదు. అందుకే 5, ఆపైన ఉంటే మూడో రోజు ఫోన్, ఏడో రోజు లోపు రివ్యూ. ఫోన్‌లో 'బాగున్నారా?' అనొద్దు, 'బాగున్నామండీ' అనేస్తారు. 'నిన్న రాత్రి ఏం తిన్నారు? నిన్న మంచం దిగి ఎన్నిసార్లు నడిచారు? విరేచనం ఎప్పుడైంది? మాత్రలు ఎదురుగా పెట్టుకుని పేర్లు చదవండి' అనండి. ఒక్క కాల్‌కు ఆరేడు నిమిషాలు పడుతుంది. రివ్యూకు వచ్చినప్పుడు బరువు, నిలబెట్టి బీపీ, సోడియం, పొటాషియం, క్రియాటినిన్. 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా 70 నిండిన అందరికీ వర్తిస్తున్న ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు ప్యాకేజీలోనే ఉంటుంది. ఆ గడువు లోపలే ఈ పరీక్షలు పెట్టుకోండి.

సిస్టర్ ఒకరు మంచి ప్రశ్న రాసి పంపారు: 'ఈ అంకె చూసి పెద్దవాళ్లకు ఐసీయూ వద్దంటారేమో?' ఆ భయం నిజమైనదే. 2020 మార్చిలో ఇంగ్లండులో కోవిడ్ మార్గదర్శకాల్లో ఈ స్కేలును పెట్టారు. పుట్టుకతో వచ్చిన వైకల్యాలున్న తక్కువ వయసువాళ్లకు కూడా దీన్ని వర్తింపజేస్తారన్న ఆందోళన రావడంతో కొద్ది రోజుల్లోనే సవరించారు. 65 లోపు వాళ్లకు, సెరిబ్రల్ పాల్సీ లాంటి స్థిరమైన వైకల్యం ఉన్నవాళ్లకు ఈ అంకె వేయకూడదు. పెద్దవాళ్లలో కూడా 6 వచ్చిందంటే వైద్యం తగ్గించమని కాదు, ఇంకో మనిషిని, ఇంకో ఫోన్ కాల్‌ను, ఇంకో గుడ్డును జత చేయమని. 7, 8లో ఉన్నవాళ్ల ఇంట్లోవాళ్లతో 'మళ్లీ ఇలా అయితే అమ్మగారికి ఏం కావాలని ఆవిడే అంటారు?' అని తీరిగ్గా కూర్చుని అడగాలి, కారిడార్‌లో నిలబడి కాదు.

ఇప్పుడు మెడికల్ వార్డుకు వెళదాం. రేపు డిశ్చార్జి కావాల్సిన ముగ్గురు ఒప్పుకున్నారు, వాళ్ల కోడళ్లు కూడా ఉన్నారు. ప్లాస్టర్, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెచ్చుకోండి. నడిపించడానికి ముందు ముగ్గురికీ రెండు వారాల కిందటి అంకె విడివిడిగా మీ కాగితం మీద వేయండి, పక్కవాళ్లది చూడకుండా. తేడా ఎక్కడొచ్చిందో, ఏ ప్రశ్న అడగకపోవడం వల్ల వచ్చిందో మంచం దగ్గరే చూద్దాం.